ఎడియస్సా, ప్రీమియరా, డావించీనా: మిక్సింగ్ చేస్తున్న తమ్ముడికి

ప్రశ్న: అక్కా, మాది పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక చిన్న ఊరు. డిగ్రీ అయ్యాక రెండేళ్లుగా మా బాబాయి స్టూడియోలో పెళ్లి వీడియోల మిక్సింగ్, అంటే ఎడిటింగ్ చేస్తున్నాను. బాబాయి ఎడియస్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ తప్ప ఇంకోటి ముట్టుకోరు. హైదరాబాద్‌లో ఉన్న నా ఫ్రెండ్ ‘ఎడియస్ పాతబడిపోయింది, డావించీ నేర్చుకో’ అంటాడు. ఆన్‌లైన్‌లో చూస్తే ప్రీమియర్ ప్రో రాకపోతే ఉద్యోగమే రాదంటున్నారు. ఇంట్లో రోజూ ఇదే వాదన. ఎప్పటికైనా సొంతంగా యూనిట్ పెట్టుకోవాలని నా కోరిక. ల్యాప్‌టాప్ ఐ5, 8 జీబీ ర్యామ్, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. 50 వేలు దాచుకున్నాను. మాఘమాసం ముహూర్తాలు మొదలయ్యేలోపు ఏదో ఒకటి తేల్చుకోవాలి. ఏ సాఫ్ట్‌వేర్ మంచిది? ఏ టెక్నిక్స్ నేర్చుకుంటే నా వీడియోలు బాగుంటాయి? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు:

తమ్ముడూ, నిద్ర పట్టడం లేదన్నావు కాబట్టి ముందు జవాబు చెప్పేసి, కారణాలు తర్వాత చెబుతాను. వచ్చే సీజన్ మొత్తం ఎడియస్ మీదే పని చెయ్యి. సీజన్ అయ్యాక డావించీ రిజాల్వ్ మొదలుపెట్టు. ప్రీమియర్‌కి నెలనెలా డబ్బు కట్టే పని ఇప్పుడు పెట్టుకోకు. ఆ 50 వేలతో కొత్త ల్యాప్‌టాప్ మాత్రం కొనకు.

ఎడియస్ పాతబడిపోయిందన్న మాట నేను ఒప్పుకోను. మన రెండు రాష్ట్రాల్లో ఇన్ని పెళ్లి స్టూడియోలు దాన్ని వదలకుండా ఉన్నాయంటే దానికి గట్టి కారణమే ఉంది. అది ఎక్కువగా ప్రాసెసర్ మీదే నడుస్తుంది. ఇంటెల్ ప్రాసెసర్‌లోనే ఉండే, వీడియో ఫైళ్లను వేగంగా విప్పే క్విక్ సింక్ అనే ఏర్పాటును వాడుకుని, గ్రాఫిక్స్ కార్డు లేని మిషన్ మీద కూడా కెమెరా ఫైళ్లను చాలావరకు ఆగకుండా ఆడిస్తుంది. ఒక కెమెరా ఫుల్ హెచ్‌డీ, ఇంకోటి 4కె, మధ్యలో డ్రోన్ క్లిప్పు, పెళ్లికూతురి తమ్ముడు ఫోన్‌లో తీసిన బిట్టు, అన్నీ ఒకే టైమ్‌లైన్ (క్లిప్పులు వరుసగా పేర్చుకునే పట్టీ) మీద వేసుకుని కూర్చోవచ్చు. జపాన్ కంపెనీ కానోపస్ దాన్ని తయారుచేసిన రోజుల నుంచీ దాని బలం ఇదే. ఇప్పుడది గ్రాస్ వ్యాలీ చేతిలో ఉంది. మూడు గంటల పెళ్లి వీడియో వారంలో ఇవ్వాల్సిన మనిషికి ఇంతకంటే కావాల్సింది ఏముంటుంది? మీ బాబాయి మొండితనంతో అనడం లేదు, అనుభవంతో అంటున్నారు. అది విండోస్ మీద తప్ప నడవదు, రంగుల పనిలో డావించీ అంత లోతుకి వెళ్లదు. ఆ రెండు లోపాలూ నిజమే.

మీ ఫ్రెండ్ మాటలోనూ నిజం ఉంది. డావించీ ఒకప్పుడు సినిమాల రంగులు దిద్దే చోట మాత్రమే కనిపించే ఖరీదైన యంత్రం. 2009లో ఆస్ట్రేలియాకి చెందిన బ్లాక్‌మ్యాజిక్ డిజైన్ ఆ కంపెనీని కొన్నాక దాన్ని సాఫ్ట్‌వేర్‌గా అందరి చేతికీ తెచ్చింది. ఉచిత వెర్షన్‌తోనే ఎడిటింగ్, రంగులు, సౌండ్, ఎఫెక్ట్స్ అన్నీ చేసుకోవచ్చు. 4కె అల్ట్రా హెచ్‌డీ వరకు, సెకనుకి 60 ఫ్రేముల వరకు ఎక్స్‌పోర్ట్ చేసుకోవచ్చు. స్టూడియో వెర్షన్ కావాలంటే 295 డాలర్లు ఒక్కసారి కడితే చాలు. నేర్చుకోవాలనుకునే పేదింటి పిల్లలకి ఇంత మంచి సాధనం ఉచితంగా దొరకడం నాకు నిజంగా సంతోషం. కానీ దాని భారమంతా గ్రాఫిక్స్ కార్డు మీద పడుతుంది. ర్యామ్ 16 జీబీ ఉండాలని ఆ కంపెనీయే చెబుతుంది. నీ ల్యాప్‌టాప్‌లో వేస్తే రెండో పెళ్లికే మిషన్ హ్యాంగ్ అవుతూ ఉంటుంది, నువ్వేమో డావించీ మంచిది కాదన్న నిర్ణయానికి వచ్చేస్తావు. పైగా కొన్ని కొత్త కెమెరాల 10 బిట్ ఫైళ్లు (రంగుల వివరాలు ఎక్కువగా ఉండేవి) ఉచిత వెర్షన్‌లో తెరుచుకోకపోవచ్చు. ఏ కెమెరాతో తీస్తున్నారో ఆ కెమెరా క్లిప్పు ఒకటి ముందే వేసి చూసుకో.

ప్రీమియర్ సంగతి. నువ్వు హైదరాబాద్ వెళ్లి యాడ్ ఏజెన్సీలోనో, డిజిటల్ కంపెనీలోనో ఉద్యోగం వెతుక్కోవాలనుకుంటే అది రావడం చాలా ఉపయోగం. ఫొటోషాప్, ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌తో కలిసి పనిచేస్తుంది, పదిమంది ఒకే ప్రాజెక్టు మీద కూర్చునే చోట అలవాటైన సాధనం. నువ్వు రాసింది మాత్రం సొంత యూనిట్ గురించి. సీజన్ లేని నెలల్లో, మూఢం వచ్చి ముహూర్తాలు ఆగిపోయిన నెలల్లో కూడా అద్దె కట్టాల్సిన సాఫ్ట్‌వేర్ సొంత యూనిట్ మొదలుపెట్టేవాళ్లకి భారం. ఫైనల్ కట్ అనే ఇంకో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ యాపిల్ వాళ్ల మిషన్ల మీదే నడుస్తుంది కాబట్టి నీ లెక్కలోకి రాదు.

క్రాక్ వెర్షన్ల (డబ్బు కట్టకుండా వాడే దొంగ కాపీల) గురించి నువ్వు అడగలేదు, అయినా చెప్పాలి. వేసుకోకు. క్రాక్ ఫైలుతో పాటు వచ్చిన వైరస్ హార్డ్ డిస్క్ మొత్తానికి తాళం వేసేస్తే, అందులో ఉన్నది మళ్లీ తీయలేని ఇంకొకళ్ల పెళ్లి.

ఈ వాదనలో ఎవరు గెలిచినా నీ వీడియో బాగుపడదని చెప్పడానికి ఒక్క ఉదాహరణ ఇస్తాను. 2019లో వచ్చి, ఉత్తమ చిత్రంగా ఆస్కార్ గెలిచి, ఎడిటింగ్‌కి కూడా నామినేషన్ తెచ్చుకున్న కొరియా సినిమా ‘ప్యారసైట్’ను ఫైనల్ కట్ ప్రో 7 మీద ఎడిట్ చేశారు. 2011లోనే యాపిల్ పక్కన పెట్టేసిన పాత వెర్షన్ అది. ఆ ఎడిటర్‌కి చేయి తిరిగింది దాని మీద, అంతే. ఒకదాంట్లో చేయి తిరిగితే ఇంకోదానికి మారడం కూడా నువ్వు భయపడినంత కష్టం కాదు. జె నొక్కితే వెనక్కి, కె నొక్కితే ఆగడం, ఎల్ నొక్కితే ముందుకి, ఐ, ఓలతో మొదలు, చివర గుర్తుపెట్టడం. ఈ అయిదు మీటలు నువ్వు పేర్లు చెప్పిన మూడింటిలోనూ ఒకటే. మౌస్ వదిలేసి ఈ అయిదింటి మీద వేళ్లు అలవాటు చెయ్యి, డావించీకి వెళ్లినా అవే వేళ్లు పనికొస్తాయి.

ఇక డబ్బు. ముందు ల్యాప్‌టాప్ విప్పించి ర్యామ్ పెంచే వీలుందో లేదో చూపించు. ఉంటే 16 జీబీ చేయించు. తర్వాత చెవులు పూర్తిగా మూసే మంచి హెడ్‌ఫోన్స్, ఒక చిన్న ఆడియో రికార్డర్, రెండు ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులు. మిగిలింది సీజన్ సంపాదనతో కలిపి, గ్రాఫిక్స్ కార్డు ఉన్న డెస్క్‌టాప్‌కి దాచు. డెస్క్‌టాప్ అయితే ఒక్కో భాగం తర్వాత మార్చుకోవచ్చు.

హార్డ్ డిస్కులు రెండు ఎందుకంటే, సెకనుకి 100 మెగాబిట్ల చొప్పున రికార్డు చేసే 4కె కెమెరా గంటకి 45 జీబీ తింటుంది. రెండు కెమెరాలు నాలుగేసి గంటలు తీస్తే 360 జీబీ. అదంతా రెండు చోట్ల కాపీ అయ్యిందని కళ్లతో చూసుకున్నాకే కెమెరా మెమరీ కార్డు ఫార్మాట్ చెయ్యి. రెండో డిస్కు స్టూడియోలో కాదు, ఇంట్లో పెట్టు.

నీ రెండో ప్రశ్న దగ్గరకి వస్తాను, నాకు అసలు చెప్పాలని ఉన్నది ఇదే. నేను మినీ డీవీ టేపుల రోజుల్లో మిక్సింగ్ నేర్చుకున్నాను. గంట టేపు కంప్యూటర్‌లోకి ఎక్కాలంటే గంట పట్టేది. వేరే పని చేయడానికి మిషన్ ఖాళీ ఉండేది కాదు, కూర్చుని చూడటమే. అలా చూస్తుంటేనే తెలిసేది: మూడో టేపులో మేనమామ కళ్లు తుడుచుకున్నాడని, వంటశాల దగ్గర ఎవరో ముసలాయన ఒక్కడే కూర్చుని నవ్వుతున్నాడని. ఇప్పుడు కార్డు నిమిషాల్లో కాపీ అయిపోతుంది. రషెస్ (కెమెరాల్లో తీసిన అసలు క్లిప్పులు) మొత్తం చూడకుండానే టైమ్‌లైన్ మీదకి లాగి, పాట వేసి, పాట దరువుకి కోసుకుంటూ పోతున్నారు. అందుకే పది పెళ్లిళ్ల హైలైట్స్ పక్కపక్కన పెడితే ఎవరిది ఎవరిదో తెలియదు. నువ్వు నేర్చుకోవాల్సిన మొదటి టెక్నిక్ రషెస్ మొత్తం చూడటం. కాగితం పెట్టుకుని, మనసుకి తగిలిన చోటల్లా టైమ్ రాసుకో. మూడున్నర గంటల రషెస్‌కి ఒక పూట పోతుంది. పోనీ.

రెండోది సౌండ్. ఇది నాకు ఒక పెళ్లికూతురి తండ్రి నేర్పిన పాఠం. చాలా ఏళ్ల కిందట ఒక పెళ్లి మిక్సింగ్‌లో, అప్పటి పద్ధతి ప్రకారం, కెమెరా సౌండ్ మొత్తం మ్యూట్ చేసి మాంగల్యధారణ మీద సినిమా పాట వేశాను. వీడియో చూసి ఆయన కోప్పడలేదు. “మేళం ఏదమ్మా?” అని మాత్రం అడిగారు. ఆయనకి సన్నాయి అంటే ప్రాణం. కూతురి పెళ్లికి ఆ మేళాన్ని పట్టుబట్టి దూరం నుంచి పిలిపించుకున్నారు. పంతులుగారు గట్టిమేళం అనగానే డోళ్లు, సన్నాయి ఒక్కసారిగా లేచిన ఆ క్షణం ఆయనకి పెళ్లి మొత్తంలోకీ ముఖ్యం. నేను తీసేసింది సరిగ్గా దాన్నే. టేపులు చెరిపెయ్యలేదు కాబట్టి మళ్లీ చేసి ఇవ్వగలిగాను. ఆ తర్వాత ఏ పెళ్లిలోనూ మాంగల్యధారణ మీద నేను పాట వెయ్యలేదు.

ఇప్పుడా చోట ఏం చేస్తానో చెబుతాను. అక్షింతలు పట్టుకున్న చేతుల షాట్ ఇంకా నడుస్తుండగానే పంతులుగారి గొంతు ‘మాంగల్యం తంతునానేన’ అంటూ లోపలికి వస్తుంది. ఆ తర్వాత కదా బొమ్మ తాళి మీదకి మారేది. సౌండ్ ముందు, బొమ్మ వెనక. దీన్ని జె కట్ అంటారు. అప్పగింతల్లో దీనికి తిరగేసి చేస్తాను. తండ్రి మాట పూర్తికాకుండానే బొమ్మ అల్లుడి చేతిలో పెట్టిన పాలచేతుల మీదకి వెళ్తుంది, ఆయన గొంతు మాత్రం దాని మీద కొనసాగుతుంది. ఇది ఎల్ కట్. ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా ఆడియో, వీడియో లింకు విడదీసి ఒక అంచు లాగితే చాలు. ఎఫెక్టుల ప్యాక్ ఏదీ కొనక్కర్లేదు. ఆ గొంతు స్పష్టంగా దొరకాలనే ఇందాక రికార్డర్ కొనమన్నాను. పీటల దగ్గర, పంతులుగారికి దగ్గరగా పెట్టు. రికార్డర్ నడుస్తుండగా కెమెరాల ముందు ఒక్కసారి చప్పట్లు కొట్టు, తర్వాత సౌండ్‌నీ బొమ్మనీ సింక్ చేసుకోవడం (కలుపుకోవడం) తేలిక. మేళం లేచినప్పుడు సౌండ్ పగిలిపోకుండా లెవల్ కాస్త తక్కువలోనే పెట్టుకో. తక్కువైన దాన్ని పెంచుకోవచ్చు, పగిలిపోయింది తిరిగి రాదు.

సినిమా పాట పది సెకన్లలోపు వాడితే యూట్యూబ్‌లో ఏమీ అనరన్నది ఒట్టి మాట. అలాంటి మినహాయింపు లేదు. ఆన్‌లైన్‌లో పెట్టే హైలైట్స్‌కి యూట్యూబ్ ఆడియో లైబ్రరీలో దొరికే సంగీతమో, ఆ పెళ్లి సన్నాయో వాడు. రెండోదే బాగుంటుందని నా నమ్మకం.

కట్ ఎక్కడ పెట్టాలని అడిగితే, కదలిక మధ్యలో. జీలకర్ర బెల్లం పెట్టాక అడ్డుతెర కిందకి దిగుతుంటుంది చూడు, దిగడం మొదలైనప్పుడు దూరం నుంచి తీసిన షాట్, సగం దిగగానే దగ్గర కెమెరాలో పెళ్లికూతురి కళ్లు. తలంబ్రాల్లో చేతులు పైకి లేచినప్పుడు ఒకటి, బియ్యం తల మీద పడేటప్పుడు ఇంకొకటి. చూసేవాళ్ల కన్ను కదలికని వెంబడిస్తుంది కాబట్టి కట్ కనిపించదు. గుండె ఆకారంలో తెరుచుకోవడం, పేజీ తిప్పినట్టు తిరగడం, గాల్లో ఎగిరే ఫ్రేములు, ఈ ట్రాన్సిషన్లన్నీ ఆ కన్నుని మనుషుల మీద నుంచి లాగేస్తాయి. బాబాయి దగ్గర ఉన్న ఆ ప్రాజెక్టులు (ముందే తయారుచేసి పెట్టిన ఎఫెక్టుల మూసలు) పూర్తిగా తీసేయమని చెప్పను, అవి కావాలని అడిగే కుటుంబాలు ఉన్నాయి. పేర్లు పడే చోట, మొదట్లో, చివర్లో వాడుకో. కార్యక్రమం జరుగుతున్నప్పుడు వద్దు. పూర్తి వీడియోలో తంతుల క్రమం కూడా మార్చకు. నాలుగు నిమిషాల హైలైట్స్‌లో ముందూ వెనకా చేసుకో, పూర్తి వీడియోని ఇంటి పెద్దవాళ్లు ఏది ముందు ఏది తర్వాత అని చూసుకుంటూ కూర్చుంటారు.

రంగులకి మన పెళ్లిలోనే మంచి కొలబద్ద ఉంది: మధుపర్కాలు. ఆ తెల్ల బట్ట పసుపుగానో నీలంగానో కనిపిస్తే వైట్ బ్యాలెన్స్ తప్పినట్టే. ముందు దాన్ని తెలుపుకి తీసుకురా, వేవ్‌ఫార్మ్‌లో (బొమ్మలో వెలుగు ఎంతుందో చూపే గ్రాఫ్‌లో) చూస్తూ దాని నేత చెరిగిపోకుండా వెలుగు తగ్గించు. అక్కడితో సగం పని అయిపోతుంది. ముఖాలు మాత్రం తెల్లగా చెయ్యకు. ఇది నేను గట్టిగా చెబుతాను. చామనఛాయ పిల్లని పాలరాయిలా మార్చి ఇస్తే, అది ఆ పిల్ల పెళ్లి వీడియో కాదు. ఎవరైనా అడిగినా నచ్చజెప్పి చూడు.

షూటింగ్‌లోనే చూసుకోవాల్సిన చిన్న విషయం ఒకటి. మన కరెంటు 50 హెర్ట్జ్. లైట్లు మెరమెరలాడకుండా ఉండాలంటే 25 ఫ్రేముల మీద, షట్టర్ 1/50 గానీ 1/100 గానీ పెట్టి తీయమను. ఫోన్లలో తీసిన క్లిప్పుల్లో ఫ్రేముల వేగం నిలకడగా ఉండదు, అందుకే పెదాలకీ మాటకీ తేడా వస్తుంది. అలాంటివి హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో స్థిరమైన ఫ్రేమ్ రేటుకి మార్చి అప్పుడు టైమ్‌లైన్ మీద వెయ్యి. 4కె ఫైళ్లతో మిషన్ బరువెక్కితే ప్రాక్సీలు చేసుకో: చిన్న సైజు నకళ్లతో ఎడిట్ చేసి, చివరికి అసలు ఫైళ్లతో ఎక్స్‌పోర్ట్ చేస్తావు. ఈ సదుపాయం ఎడియస్‌లోనూ ఉంది, డావించీ ఉచిత వెర్షన్‌లోనూ ఉంది.

తెలుగు అక్షరాల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే పెళ్లికూతురి పేరులో ఒత్తు విడిపోయి పక్కన పడిన వీడియోలు చూస్తే నాకు బాధేస్తుంది. ప్రీమియర్‌లో అయితే సెట్టింగుల్లో గ్రాఫిక్స్ విభాగంలోకి వెళ్లి సౌత్ ఏషియన్ అండ్ మిడిల్ ఈస్టర్న్ అనే టెక్స్ట్ ఇంజిన్ ఎంచుకుంటే సరవుతుంది. మిగతా చోట్ల ఇబ్బంది వస్తే టైటిల్‌ని బయట తయారుచేసి, వెనక ఏమీ లేని పీఎన్‌జీ బొమ్మగా తెచ్చుకోవడమే నమ్మకమైన దారి. మండలి, రామభద్ర, ఎన్‌టీఆర్ లాంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. రెండు వరుసలు రాస్తే మధ్య ఎడం ఎక్కువ ఇవ్వు. పై వరుస ఒత్తులూ కింది వరుస గుడులూ కొట్టుకుంటాయి.

ఆశీర్వాదాలు, పెద్దవాళ్ల మాటలు ఎడిట్ చేసేటప్పుడు మౌనం వచ్చిన చోటల్లా ఆటోమేటిక్‌గా కోసే టూల్స్ వాడకు. తెలుగు వాక్యంలో క్రియ చివర్లో వస్తుంది. “మా అమ్మాయిని మీ ఇంటి పిల్లలాగా...” అని ఆగి, గుటక మింగి, “చూసుకోండి బాబూ” అంటారు. ఆ చివరి మాటలు గొంతు తగ్గించి అంటారు కాబట్టి మిషన్ వాటిని కూడా మౌనమనుకుని కోసేస్తుంది. ఆ ఆగడంలోనే మొత్తం ఉంది. అక్కడ నీ చెవితో విని, చేత్తో కోయాలి.

బాబాయితో వాదన ఎలా ముగించాలో నువ్వు అడగలేదు కానీ నీ ఉత్తరమంతా దాని చుట్టూనే తిరిగింది. ఆయన్ని మారమని అడగకు. మొన్న చేసిన పెళ్లిళ్లలోంచి ఒకటి తీసుకుని, రషెస్ మొత్తం చూసి, జీలకర్ర బెల్లం నుంచి తలంబ్రాల దాకా మూడు నిమిషాల ముక్క ఒకటి ఎడియస్‌లోనే చెయ్యి. పాట వద్దు, ట్రాన్సిషన్లు వద్దు. మేళం, మంత్రం, నవ్వులు, మాటలు. బాబాయికి ముందు మానిటర్ ఆపేసి ఒట్టి సౌండ్ వినిపించు, ఎక్కడ ఏం జరుగుతోందో ఆయన్ని చెప్పమను. తర్వాత మానిటర్ వేసి చూపించు. ఆయన ఏమన్నారో నాకు రాయి. వీలైతే ఆ మూడు నిమిషాల ముక్క కూడా పంపు, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటాను.